రేడియోలో కనుబొమ్మలు

మా పౌలూసి బాబాయి రేడియోలో కూడా కనుబొమ్మలతోనే మాట్లాడేవాడు.

ఔనంటే కనుబొమ్మలు ఎత్తడం, కాదంటే ముక్కు ముడవడం ఉత్తర ధ్రువపు మంచుసీమలో పుట్టిన మా ఇన్యూట్‌లందరికీ ఉన్న అలవాటే. కాని అవతలి మనిషి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్నాడన్న సంగతి బాబాయికి ఎన్నడూ పట్టలేదు. పక్షుల పరిశోధకుల శిబిరానికి ఆయన కాపలాదారు. ఎలుగుబంటి కనిపిస్తే తుపాకీ గాల్లోకి పేల్చేవాడు. నోటికి ఆ శ్రమ కూడా తప్పేది.

నేను అక్కడ వంటమనిషిని. ఒకరోజు చేపల పులుసు ఉంచమంటావా అని రేడియోలో మూడుసార్లు అడిగాను. గరగర తప్ప జవాబు లేదు. ఉన్నదంతా మిగతావాళ్ళకు వడ్డించేశాను. సాయంత్రం ఆయన వచ్చి, ఖాళీ గిన్నెలోకి తొంగిచూసి చిన్నబుచ్చుకున్నాడు.

"ఉంచమన్నానుగా."

"ఎప్పుడన్నావు?"

"మూడుసార్లూ అన్నాను. నుదురు నొప్పి పుట్టింది."

ఆ వేసవిలో కోరిన్ అనే అమ్మాయి దక్షిణాది నుంచి, నేలమీదే గూడు కట్టే ఉల్లంకి పిట్టల మీద పరిశోధనకు వచ్చింది. పన్నెండు గూళ్ళు వెతికి పట్టుకుంది. పుట్టిన కూనలు గూడు దాటకముందే కాళ్ళకు అంకెల ఉంగరాలు తొడగాలి. లేకపోతే మూడేళ్ళ చదువూ గాలికి పోయినట్టే. మా నక్కకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పదకొండు గూళ్ళు ఊడ్చేసింది. మిగిలింది ఒక్కటి, అందులో నాలుగు గుడ్లు. మనిషి వాసన పట్టుకుని నక్క అక్కడికీ వస్తుందని బాబాయి ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. తనే ఎదురుగా గుట్టమీద కూర్చుని దుర్భిణితో కనిపెట్టేవాడు.

రోజూ మధ్యాహ్నం గుడ్లున్నాయా అని కోరిన్ రేడియోలో అడిగేది. అటునుంచి ఉత్త గాలి. అదే రేడియో వినే మరో రెండు శిబిరాలవాళ్ళు పకపకా నవ్వేవారు. ఆ పిల్ల గుండె చిక్కబట్టుకుని, నీళ్ళూరే నాచు నేలమీద పడుతూ లేస్తూ, ఆయన ముఖం చూడటానికి గుట్టదాకా పరుగెత్తేది. ఎత్తిన కనుబొమ్మలు చూసి, తిట్టుకుంటూ తిరిగొచ్చేది.

జూలైలో ఒకనాడు బాబాయిని నాలుగు దులుపుదామని నేనూ వెంట వెళ్ళాను.

"గుడ్లున్నాయా బాబాయ్?" అంది కోరిన్. నా వరసే తనదీ.

ఆయన ముక్కు ముడిచాడు.

కోరిన్ నాచుమీద కూలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళెందుకో బాబాయికి అంతుపట్టలేదు. అడిగినదానికి సరైన జవాబే ఇచ్చాడాయె.

"గుడ్లు లేవు. పిల్లలున్నాయి," అన్నాడు.

దుర్భిణిలో చూస్తే, దూదిపింజలకు కాళ్ళొచ్చినట్టు నాలుగు కూనలు గూటి గడ్డిలో దొర్లుతున్నాయి.

ఉంగరాలు తొడగడం అయ్యాక, ఈ ఒక్క ముక్క రేడియోలో చెబితే నోరు అరిగిపోయేదా అని నిలదీశాను. ఆయన దుర్భిణి అద్దం తుడుస్తూ మెల్లగా అన్నాడు.

"చెడ్డ కబురైతే మూడు శిబిరాలు వింటుండగా చెప్పగలనా? పక్కన కూర్చుని చెప్పాలి. మంచి రోజున మాట్లాడితే, మాట్లాడని రోజున అందరికీ తెలిసిపోదూ?"

ఇరవై వేసవులు ఆయన్ను వెక్కిరించిన నేను తల వంచుకుని మిగిలిన ఉంగరాలు సర్దడంలో పడ్డాను. ఇంతలో ఏమైందని పక్క శిబిరాలు రేడియోలో ఆరా తీయసాగాయి. కోరిన్ రేడియో తీసి ఆయన మూతి దగ్గర పెట్టింది.

"ఈ ఏడు ఇంక చూడాల్సిన గూడూ లేదు, దాచాల్సిన కబురూ లేదు. నువ్వే చెప్పు బాబాయ్."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాలుగూ పుట్టాయి," అన్నాడు.

కాసేపు గరగర. తర్వాత అటునుంచి అనుమానంగా ఒక గొంతు వినిపించింది.

"ఎవరండీ మాట్లాడేది?"