ఎనిమిదో నెల నొప్పులూ మా వియ్యంకుడి కారూ

పొద్దున్నే కారంపూడి నుంచి మా అమ్మాయి శిరీష ఫోను చేసింది. "అమ్మా, పొట్ట రాయిలాగా గట్టిపడతంది, కాసేపటికి వదులవుతంది. నడుము లాగేస్తంది." దానికి అప్పుడు ఎనిమిదో నెల. నేను క్రోసూరులో బస్సెక్కి, మధ్యలో మారి, దాని అత్తవారింటికి చేరేదాకా ఆ ఇంట్లో ఒక్కరికీ ఆటో పిలవాలని తోచలేదు. పిల్ల మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉంది. మా వియ్యంకుడు అరుగు మీద కూర్చుని ఫోనులో ఎవరి బోరు తగాదానో తీరుస్తున్నాడు. ఊళ్ళో ఆయన పెద్దమనిషి. పింఛనైనా, బదిలీ అయినా తన ఫోనుతోనే అవుతుందంటాడు. అయినవి మాత్రం నేను చూడలేదు.

నేనే దగ్గర్లోని నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాను. అక్కడ నొప్పులు ఆపడానికి ఐసాక్సుప్రిన్ డ్రిప్ పెట్టారు. నొప్పి కొంచెం తగ్గింది గానీ పిల్లకి గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. "ఈ మందుకి అట్లా అవుతుందమ్మా. ఇక్కడ నెలలు నిండని పిల్లల్ని చూసే వసతి లేదు. నరసరావుపేట తీసుకెళ్ళండి" అన్నాడు డాక్టరు.

మా వెనకాలే వచ్చిన వియ్యంకుడు నర్సింగ్ హోము గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఏంది చెల్లెమ్మా, ఎనిమిదో నెల, సరి నెలలో పొలిమేర దాటిస్తారా ఎవరన్నా? తొమ్మిది రానీయండి, నేనే దగ్గరుండి పంపిస్తా."

తొమ్మిదో నెల ఈయన మాట విని నడుచుకుంటూ వస్తుంది కాబోలు! పిల్లని అంబులెన్సు ఎక్కించాను. మా అల్లుడు వాళ్ళ నాన్న వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, వెనకాలే ఎక్కాడు.

నరసరావుపేటలో డాక్టరమ్మ ఆ డ్రిప్ తీయించేసి, నిఫెడిపిన్ బిళ్ళలు మొదలుపెట్టింది. నర్సు వచ్చి మాటిమాటికీ బీపీ చూసిపోయేది. తొడకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, రెండోది మర్నాడు మధ్యాహ్నం అన్నారు.

"ఈ బిళ్ళతో తొమ్మిదో నెల దాకా ఆగుతుందా తల్లీ?" అని అడిగాను.

"ఏ మందుకీ అంత శక్తి లేదమ్మా. ఒకటి రెండు రోజులు ఆపితే చాలు. ఆలోపు ఈ ఇంజెక్షన్ బిడ్డ లంగ్స్‌కి పనిచేస్తుంది. మన ఆరాటమంతా దానికే."

ఆ మాట నాకు అర్థమైంది. సాయంత్రం వచ్చిన పెద్దమనిషికి కాలేదు. ఆయన కళ్ళు పక్క మంచం మీద పడ్డాయి. అక్కడ ఒకమ్మాయికి మిషన్ పెట్టి, సన్న గొట్టంతో మందు ఎక్కిస్తున్నారు. అదీ నొప్పులు ఆపే మందేనని, అటోసిబాన్ అంటారని, బాగా ఖరీదని తెలుసుకున్నాడు. ఇక చూడండి.

"మా కోడలికి బిళ్ళలేంది డాక్టరు గారూ? అది బీపీ బిళ్ళంట గదా! మా పిల్లకి బీపీ ఎక్కడిది? ఆ మిషన్ మందు పెట్టండి. కావాలంటే పైనుంచి చెప్పిస్తా."

"ఆ అమ్మాయికి గుండె జబ్బుందండీ, అందుకని అటోసిబాన్. మీ కోడలికి గుండె బాగుంది, బీపీ బాగుంది. ఈ బిళ్ళ గర్భసంచి కండరాన్ని కూడా వదులు చేస్తుంది. పైనుంచి చెప్పిస్తే నొప్పులు వింటాయా?"

ఆయన మీసం దువ్వుకుంటూ బయటికి వెళ్ళాడు. ఫోను చేయడానికే.

మర్నాటికి శిరీషకి మొహం ఎర్రబడింది, తలనొప్పి వచ్చింది. ఈ బిళ్ళకి అది మామూలే అన్నారు. నొప్పులు మాత్రం ఆగాయి. రెండో ఇంజెక్షన్ వేళ ఇంకా కాలేదు. అప్పుడు దిగాడు మా వియ్యంకుడు, కారు తాళాలు ఆడించుకుంటూ.

"గుంటూరులో మాట్లాడా. మిషన్ మందు పెడతారంట. మన స్థాయికి ఈ బిళ్ళలేంది? లేపండి పిల్లని."

నిన్న పొలిమేర దాటకూడదన్న నోరే ఇది! దారిలో నొప్పులొస్తే, ఇంజెక్షన్ పడకుండానే బిడ్డ పుడితే, ఊపిరి ఎవరు పోస్తారు? ఆయన ఫోనా?

నేను మంచానికి అడ్డం కూర్చున్నాను. "అన్నయ్యగారూ, ఎనిమిదో నెలండీ. పొలిమేర దాటించకూడదు గదా. తమరే సెలవిచ్చారు."

వార్డులో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. గుండె జబ్బున్న పిల్ల కూడా నవ్వింది. మా అల్లుడు మొదటిసారి నోరు తెరిచాడు. "ఇంజెక్షన్ అయ్యేదాకా కదిలేది లేదు నాన్నా. నువ్వు కారు తీసుకొని ఇంటికి పో."

మధ్యాహ్నం రెండోది పడింది. ఆ తర్వాత రెండు రోజులు నిమ్మళంగా గడిచాక ఉమ్మనీరు పోయింది. ఈసారి డాక్టరమ్మ బిళ్ళ ఇవ్వలేదు. "ఇక ఆపకూడదు, పుట్టనిద్దాం" అంది. మనవరాలు పుట్టింది. నా అరచేయంత వీపు. పిల్లిపిల్లలా ఏడ్చింది. ముక్కుకి ఆక్సిజన్ పెట్టి, కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉంచి, తర్వాత చేతికిచ్చారు.

ఇప్పుడది గోడ పట్టుకుని నడుస్తోంది. తాత ఒళ్ళో చేరి మీసం పీకుతోంది. ఆయన మాత్రం వచ్చినవాళ్ళకల్లా, "నేను ఒక్క ఫోను కొడితే పెద్ద డాక్టర్లంతా కదిలారు" అని చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ. మీసం ఊడేదాకా పీకమని నేను దాని చెవిలో చెబుతూనే ఉన్నాను.

నెలలు నిండకుండా పొట్ట గట్టిపడుతూ వదులవుతూ ఉంటే, సరి నెలా బేసి నెలా అని చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఏ మందు ఖరీదైనదని అడగకండి. బిడ్డ ఊపిరికి ఇంజెక్షన్ ఇస్తున్నారా, రెండోది ఎప్పుడు అని అడగండి. అది పడేదాకా, డాక్టరు చెబితే తప్ప పిల్లని కదలనివ్వకండి, వాకిట్లో ఎంత పెద్దమనిషి కారు హారన్ కొట్టినా సరే.