కేనో దాదా కిందికి దిగిన ఆదివారం

ఆ రోజుల్లో జీతం తీసుకుంటూ ఆడుకోవచ్చన్న మాట నమ్మిన అమాయకుల్లో నేనొకణ్ణి. నాతోపాటు చదివినవాళ్ళంతా బ్యాంకు పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే, నేను కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరడానికి కలకత్తా రైలెక్కాను. కవిటిలో మా మావయ్యకు కొబ్బరికాయల మండీ ఉంది. స్టేషన్లో దిగబెట్టడానికి వచ్చి, "ఆటలాడితే జీతమిత్తారేటిరా? సర్లే, ఎల్లిరా. మన మండీలో గుమాస్తా కుర్చీ కాళీగానే ఉంచుతాను," అని దీవించాడు. (ఆ దీవెన గుర్తొస్తే ఇప్పటికీ నాకు వీపు మీద కొబ్బరిపీచు గీరుకున్నట్టే ఉంటుంది.) ఆఫీసేమో న్యూ టౌన్లో, మెట్రో స్తంభాలు కొన్ని లేచి కొన్ని లేవని రోడ్డు పక్కన అద్దాల మేడలో ఓ గది. నా మకాం మాత్రం నగరానికి ఆ కొసన, గంగ దాటి, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న మా పెద్దమ్మ ఇంట్లో. రోజూ బస్సులో వేలాడుతూ వెళ్ళి, వేలాడుతూ వచ్చేవాణ్ణి. అయినా మొహంలో నవ్వు చెరిగేది కాదు. నక్షత్రాల మధ్య యుద్ధాలు చేసేవాడికి బస్సులో తోపులాట ఒక లెక్కా అనుకునేవాణ్ణి.

మేం తయారుచేస్తున్న ఆట సంగతి కాస్త చెప్పాలి. మనుషులు నక్షత్రాల దాకా వెళ్ళిపోయిన కాలం అది. పెద్ద పెద్ద అంతరిక్ష నౌకలు ఓ గ్రహం చుట్టూ తిరుగుతూ ఉంటాయి. వాటిలోంచి సైనికులు నేల మీదికి దిగి, సందు సందునా పోరాడి, ఊరు పట్టుకోవాలి. నౌకల పని ఒక జట్టుది. నేల, ఆ నేల మీది సందులూ గోడలూ, సైనికులు ఆడే మాటలూ నా వంతు. నౌకల జట్టువాళ్ళు మహా ఉత్సాహవంతులు. వచ్చినప్పుడల్లా ఓ కొత్త ఫిరంగి తగిలించేవారు. చివరికి ఒక్క మీట నొక్కితే ఊరు ఊరంతా బూడిదైపోయేంత బలం వచ్చింది ఆ నౌకలకి. వాళ్ళు అది మొదటిసారి నొక్కి చూపించిన రోజున అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, బుద్ధి లేక. చప్పట్లు ఆగగానే మా యజమాని గడ్డం నిమురుకుంటూ "కేనో?" అన్నాడు.

కేనో అంటే బెంగాలీలో ఎందుకు అని. ఆయనకు ఆ మాట లేనిదే ఊపిరి ఆడదు. టీ తెస్తే కేనో, తేకపోతే కేనో, జీతం పెంచమంటే మాత్రం రెండుసార్లు కేనో. అందుకే వెనకాల అందరం ఆయన్ని కేనో దాదా అనేవాళ్ళం. (ఆయన మాటలు నా తెలుగులోకి తెచ్చి చెబుతున్నాను. అసలు బెంగాలీలో వింటే ఇంకాస్త తియ్యగా, ఇంకాస్త భయంగా ఉంటాయి.) ఆ రోజు ఆయన తెర మీది నా సైనికుల వైపు వేలు చూపించి, "ఓరా నామ్‌బే కేనో?" అన్నాడు. వాళ్ళు దిగడమెందుకు? పైన కూర్చుని మీట నొక్కితే అయిపోయేదానికి పాపం ఈ కుర్రాళ్ళు తుపాకులు పట్టుకుని బురదలో పాకడమెందుకు? గదంతా నా వైపు తిరిగింది. నేను మంచినీళ్ళు తాగాను. "సోమవారం లోపల కారణం చెప్పు. లేదంటే నేల తీసేద్దాం. ఆటంతా ఆకాశంలోనే," అన్నాడు ఆయన చల్లగా. నేల తీసేస్తే నేల మీద పనిచేసేవాడు ఎక్కడ నిలబడతాడు? నాదింకా ఖాయం కాని ఉద్యోగం. కవిటిలో ఖాళీగా ఉన్న కుర్చీ నాకోసం కాళ్ళు జాపుకుని ఎదురుచూస్తున్నట్టు కనబడింది.

ఇక మొదలుపెట్టాను కారణాలు వెతకడం. ఊరి మీద కనబడని కవచం ఉంది, ఫిరంగి దెబ్బ దానిలోంచి పోదు అన్నాను. "ఫిరంగి దెబ్బే పోకపోతే నీ కుర్రాడెలా పోతాడు? తలుపు కొడతాడా?" అన్నాడు దాదా. పైనుంచి కొట్టకూడదని గ్రహాల మధ్య ఒప్పందం ఉందన్నాను. "ఊళ్ళు దోచుకోడానికి అంత దూరం వచ్చినవాడు ఒప్పందం చూసి ఆగుతాడా? మన వీధిలో ఎర్రదీపం చూసి ఎవడాగుతున్నాడు?" అన్నాడు. శత్రువులు భూమి లోపల గుహల్లో దాక్కున్నారన్నాను. "ఉండనీ. ఆకలేస్తే వాళ్ళే వస్తారు," అన్నాడు. చివరికి గతి లేక, ఆ గ్రహం మీద ఎప్పుడూ మబ్బులే, పైనుంచి ఏమీ కనబడదు అన్నాను. ఆయన జాలిగా చూసి, "మరి నౌకలో కూర్చుని ఏం చేస్తున్నారు, వాన తగ్గేదాకా ఆగి మూఢీ తింటున్నారా?" అన్నాడు. నౌకల జట్టువాళ్ళు కుర్చీల్లోంచి జారిపడేంతగా నవ్వారు. మూఢీ అంటే మరమరాలు. ఆ తర్వాత చాన్నాళ్ళు నేను మరమరాల మొహం చూడలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు దిగాలుగా కూర్చుంటే పెద్దమ్మ పట్టేసింది. మా పెద్దమ్మ గురించి ఇప్పుడు చెప్పక తప్పదు. మూడో అంతస్తులో ఇల్లు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆవిడ మెట్లు దిగడం ఎప్పుడో మానేసింది. కానీ ఆ క్వార్టర్స్‌లో ఆవిడ మాట లేకుండా చీమ కదిలేది కాదు. బాల్కనీలో పీట వేసుకుని కూర్చుంటే కిందనున్న ప్రపంచమంతా ఆవిడ ఏలుబడిలోనే ఉండేది. కూరలవాడు, పాలవాడు, బంతి కిటికీకి తగిలించే పిల్లలు, మొక్కలు మేసే మేకలు, అందరికీ పైనుంచే ఆజ్ఞలు. సరుకు కావాలంటే సంచికి నైలాన్ తాడు కట్టి కిందికి వదిలేది, బేరం గొంతుతో చేసేది, సంచి పైకి లాగేది. మాట వినని మేకలకీ కుక్కలకీ బియ్యం కడిగిన నీళ్ళు సిద్ధంగా ఉండేవి. గురి తప్పడం నేను చూడలేదు. (పెద్దనాన్న డ్యూటీలో ఉంటే రైళ్ళ మధ్య, ఇంట్లో ఉంటే పేపరు వెనకాల ఉండేవాడు. రెండూ క్షేమమైన చోట్లే.) నా గోడంతా విని ఆవిడ, "ఆకాశంలో ఓడలేటి, ఆటి మీద తగువులేటి, నాకేటీ బోధపడ్నేదు గానీ, ఆ దాదాని ఆదోరం బోజనానికి తీసుకొచ్చీ. సేపల పులుసెట్టీసి కడుపునిండా తినిపిత్తాను. తిన్నాక నిన్ను తీసెయ్యడానికి నోరెలాగొత్తాది ఆడికి?" అంది. అంతకన్నా మంచి ఉపాయం నాకు తోచలేదు. మర్నాడు భయపడుతూనే పిలిచాను. కేనో దాదా "కేనో?" అన్నాడు గాని, చేప అన్న మాట వినగానే ఒప్పుకున్నాడు.

ఆదివారం చెప్పినదానికన్నా ముందే వచ్చేశాడు, చేతిలో సందేశ్ మిఠాయి పొట్లంతో. అప్పటికింకా చేపే రాలేదు. పెద్దమ్మ బాల్కనీలో పీట మీద సిద్ధంగా ఉంది. దాదాని చూసి, "రా బాబూ, కూకో. సేప ఇప్పుడే ఒచ్చీత్తాది," అని, ఆ గొంతుతోనే కిందికి వంగి, "ఓ మాఛ్ దాదా! రుయి ఆఛే?" అని కేక వేసింది. దాదా ఉలిక్కిపడి పొట్లం కింద పెట్టాడు. రుయి, అంటే మన శీలావతి చేప, ఉందా అని ఆవిడ అడిగింది. కింద గంప దించుకున్న చేపలవాడు, "ఆఛే మాషీమా! ఏక్‌దమ్ టాట్‌కా!" అన్నాడు. ఉంది పిన్నిగారూ, ఇప్పుడే నీళ్ళలోంచి తీశానని. సంచి దిగింది, చేప పైకొచ్చింది. పెద్దమ్మ దాన్ని తిరగేస్తుండగా దాదా ఆగలేక ముందుకు వంగి, వేలితో మొప్ప ఎత్తి చూసి ముక్కు ముడిచాడు. మొప్ప ఎర్రగా లేదు, తెల్లబారిపోయింది. "ఇది నిన్నటిది మాషీమా," అన్నాడు. పెద్దమ్మ చేపనీ, చేపలవాడికి నాలుగు మాటలనీ కలిపి కిందికి పంపింది. మళ్ళీ సంచి పైకొచ్చింది. ఈసారి చేప తోక ముందుగా వచ్చింది. దాదా మొప్ప ఎత్తి, కాసేపు చూసి, బాధగా, "ఇది కూడా అదే చేప. ఇటు తిప్పి పెట్టాడు," అన్నాడు.

ఆ మాటతో పెద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఓర్నీ బడవా! నన్నే మోసం సేత్తావేటి? నీళ్ళు పోసీగలను, ఏటనుకున్నావో!" అంది. ఏ భాషలో అందో ఆవిడకే తెలీదు గాని కిందివాడికి అర్థమైంది. "పొయ్యండి మాషీమా, పొయ్యండి! మీరు పైనున్నారు, ఏమైనా చేస్తారు!" అన్నాడు వాడు చేతులు ఊపుతూ. అలా అనకూడదు పెద్దమ్మతో. బియ్యం కడిగిన నీళ్ళ తపేలా లేచింది. సగం నీళ్ళు వాడి నెత్తిన, సగం గంపలో పడ్డాయి. వాడు మొహం తుడుచుకుని, పైకి ఒక్క చూపు చూసి, గంప నెత్తిన పెట్టుకుని గేటు వైపు నడక మొదలెట్టాడు. పెద్దమ్మ తపేలా బోర్లించి, "కుదిరిందా?" అంది. గెలుపు ఆవిడదే, అందులో అనుమానం లేదు. కానీ పొయ్యి మీద చింతపండు పులుసు చేప లేకుండా ఉడుకుతోంది. నా ఉద్యోగం గేటు దాటి వెళ్ళిపోతోంది.

అప్పుడు జరిగింది నేనెన్నడూ అనుకోనిది. ఆదివారం పూట చేప లేని భోజనం ఊహించుకున్నాడో ఏమో, కేనో దాదా ఒక్కసారి లేచి, చెప్పులైనా తొడుక్కోకుండా, "ఓ దాదా, దాఁడావ్, దాఁడావ్!" ఆగవయ్యా ఆగు అంటూ మూడంతస్తుల మెట్లూ దడదడా దిగిపోయాడు. గేటు దగ్గర వాణ్ణి పట్టుకున్నాడు. బతిమాలాడు, గదిమాడు, భుజం మీద చెయ్యి వేశాడు. గంప దింపించి గొంతుక్కూర్చుని, ఒక్కో చేపనీ ఎత్తి కళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు, మొప్ప తీశాడు. అడుగున దాచుకున్న మంచి రుయి ఒకటి బయటికొచ్చింది. పెద్ద పెద్ద ఫిరంగులున్న నౌకల యజమాని బురదలో వట్టి కాళ్ళతో కూర్చుని చేప మొప్పలోకి తొంగిచూస్తుంటే, నాకేం పూనిందో తెలీదు. బాల్కనీ పట్టుకుని వంగి, నా బలమంతా పెట్టి అరిచాను. "దాదా! నామ్‌లేన్ కేనో?"

మీరెందుకు దిగారు అని. ఆయన తల ఎత్తకుండానే చిరాగ్గా, "దిగకపోతే ఎలా? మూడో అంతస్తు నుంచి మొప్ప కనబడుతుందా? మీ మాషీమా తడిపి పారేసింది, ఏమొచ్చింది? చేప కావాలంటే మరి కిందికి..." అని ఆగిపోయాడు. మొప్పలో వేలు అలాగే ఉంది. నెమ్మదిగా తల ఎత్తి నా వైపు చూశాడు. నేనూ చూశాను. చేపలవాడు ఇద్దర్నీ చూశాడు. కేనో అనడం మరిచిపోయి ఆయన నోరు తెరుచుకుని ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఏటంతన్నాడ్రా?" అంది పెద్దమ్మ వెనకనుంచి.

"నా ఉద్యోగం ఉందంటున్నాడు పెద్దమ్మా," అన్నాను. నిజం చెప్పొద్దూ, కళ్ళు తడిశాయి.

ఆ రోజు దాదా నాలుగుసార్లు పులుసు వేయించుకున్నాడు. పెద్దమ్మ వడ్డిస్తూ, "తడపడమైతే తడిపీసినాను గానీ, ఆ సేప ఆడి గంపలోనే ఉండిపోయింది కదేటి," అని తన తప్పు తానే ఒప్పుకుంది. సోమవారం ఆఫీసులో దాదా అందర్నీ కూర్చోబెట్టి గంభీరంగా చెప్పాడు. ఊరు బూడిద చెయ్యాలంటే నౌక చాలు. ఊరు కావాలంటే, ఆ ఊళ్ళో నీళ్ళూ గనులూ మనుషులూ కావాలంటే, కిందికి దిగి తలుపు తలుపూ తట్టి చూడాలి. పైనుంచి మంచిదీ చెడ్డదీ ఒకేలా కనబడతాయి. ఈ ఆలోచన తనకు రాత్రి నిద్రలో తట్టిందన్నాడు. (ఖాయమైన ఉద్యోగమున్నవాడు అన్నిటికీ నోరు విప్పకూడదు.) ఆ తర్వాత ఆటలో నౌక నడిపే సేనాపతిగా ఓ మోకాళ్ళ నొప్పుల పెద్దావిణ్ణి పెట్టాం. ఆవిడ ఎప్పుడూ దిగదు, పైనుంచి కేకలేస్తుంటుంది. బొమ్మ చూపిస్తే పెద్దమ్మ, "నానేటి ఇంత లావుగున్నానా?" అని రెండ్రోజులు మాట్లాడలేదు. ఆట పెద్దగా ఆడలేదు గాని, నేల మాత్రం మిగిలింది. దాని మీద నేనూ నిలబడ్డాను.

పెద్దనాన్న రిటైరయ్యాక వాళ్ళు సోంపేట వెళ్ళిపోయారు. రోడ్డుకు సమానంగా గుమ్మం ఉన్న ఇల్లు. మెట్ల బాధ లేదు కదా అంటే, "ఏటి సుకం? ఇక్కడ అందరూ నా ఎత్తునే ఉన్నారు. నా మాటెవులింతారు?" అంటుంది ఫోన్లో. నేనిప్పుడు న్యూ టౌన్లోనే, పద్నాలుగో అంతస్తులో ఉంటున్నాను. కిందనున్న మనుషులు ఆవగింజల్లా కనబడతారు. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి నేలకి ఎందుకు దిగాలో అద్భుతంగా వివరించి చెబుతాను. ఆదివారం వస్తే మాత్రం సోఫాలో పడుకుని ఫోన్లో మీట నొక్కుతాను. చేప ముక్కలై, పొట్లంలో గుమ్మం ముందుకి వస్తుంది. సరిగ్గా ఆ టైముకి సోంపేట నుంచి ఫోనొస్తుంది.

"సేప తెచ్చినావేటిరా?"

"తెచ్చాను పెద్దమ్మా."

"కిందికి దిగినావా? మొప్పలు సూసినావా?"

"చూశాను పెద్దమ్మా, ఎర్రగా ఉన్నాయి," అంటాను, ముక్కల పొట్లం వైపు చూస్తూ. దానికి తలే ఉండదు, మొప్పలెక్కడివి!

ఒకప్పుడు మూడో అంతస్తు నుంచి కిందనున్న ప్రపంచమంతా కనిపెట్టి చూసిన మనిషి ఆవిడ. నేను ఒక్కణ్ణే గదిలో నవ్వుకుంటూ ఎదురుచూస్తాను.

"సర్లే నాయనా," అంటుంది చివరికి. "పులుసులో కాసింత సింతపండెక్కువేసుకో, నిలవ సేప వాసన తెల్దు."