కొంగులో కట్టిన ఫీజు

“ఫీజు పీకొద్దు అంటి గదత్తా! కరెంటు తీస్తే ఈ మిషను యాడిదాంకా సెక్కిందో మరిసిపోతాది. సగం తలుపు పాడైపోతాది.”

“తలుపు పోతే ఇంగొక తలుపు సేస్తాం. నువ్వు ఆడ సెయ్యి పెట్టినంతసేపు ఫీజు నా కొంగులో ఉండాల్సిందే.”

“అది పాత కాలం మాట. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్ తగిలిచ్చినాం. దీంట్లో స్టాప్ నొక్కితే సాలు, నిలబడిపోతాది.”

“తెర మీద నొక్కితే ఈడ ఇనుము నిలబడతాదా? ఎవురు సెప్పినారు మే నీకు?”

“తగిలిచ్చిన ఆయప్పే సెప్పినాడు. నీకంటే ఆయప్పకు ఎక్కువ తెల్సులే.”

“ఆయప్ప ప్రొద్దుటూరికి పోయి ఇంట్లో అన్నం తింటాంటాడు. సెయ్యి పెట్టేది నువ్వు.”

జమ్మలమడుగులో, ముద్దనూరు రోడ్డు పక్కన ఉన్న మా రేకుల షెడ్డులో నాకూ నా కోడలికీ జరిగిన తగువు ఇది. ఆ షెడ్డులో చెక్క తలుపుల మీద పూలూ చిలకలూ చెక్కే మిషన్ ఉంది. పులివెందులలో ఒకాయన ఆ పని మానేస్తే, ఆయన దగ్గర పాతదే కొన్నాం. మంచమంత బల్ల, బల్ల మీద అటూ ఇటూ జరిగే ఇనుప దూలం, ఆ దూలానికి వేలాడే మోటారు, మోటారు కొసన చిటికెన వేలంత బిట్టు. ఆ బిట్టు తిరిగితే టేకు చెక్క కూడా కొబ్బరి కోరినట్టు పొట్టుగా రాలుతుంది. నా కొడుకు ఊళ్లు తిరిగి కొలతలు తెస్తాడు, తలుపులు బిగించి వస్తాడు. మిషన్ నడిపేది కోడలే. నేను పొట్టు ఊడ్చి సంచులకెత్తుతాను. కరెంటు బోర్డు పక్కనే నా పీట.

ఆ పీట అక్కడ ఎందుకుందో చెప్పాలి. మా ఆయన ప్రొద్దుటూరులో కట్టె కోత మిల్లులో పనిచేసేవాడు. ఒకనాడు రంపం పళ్లకు పట్టిన బంక గీకుతుంటే, ఎవరో చూసుకోకుండా స్విచ్చి వేశారు. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. నేను అదే మిల్లులో పొట్టు ఊడుస్తూ ఉన్నాను. పొట్టులో పడిన వేళ్లను ఎత్తింది నేనే. అంతకంటే ఎక్కువ చెప్పను.

ఆ తర్వాత ఆ మిల్లులో ఒక కట్టుబాటు వచ్చింది. రంపం మీద చెయ్యి పెట్టేవాడు ముందుగా ఫీజు పీకి, పనిలో లేని మనిషికి ఇవ్వాలి. పని అయ్యాక ఎదురుగా వచ్చి రెండు చేతులూ చాచి చూపించాలి. చూపిస్తేనే ఫీజు తిరిగి ఇవ్వాలి. పనిలో లేని మనిషంటే నేనే. ఆ తెల్ల పింగాణి ముక్కను కొంగున ముడేసుకుని ఎన్నిసార్లు నిలబడ్డానో. మా ఆయన పోయాడు, మిల్లు మూతపడింది, నా అలవాటు మాత్రం ఈ షెడ్డుకు వచ్చింది.

మిషన్‌తో పాటు వచ్చిన పాత కంప్యూటర్ దాన్ని నడిపినన్నాళ్లూ కోడలు ఈ కట్టుబాటుకు గొణుక్కుంటూనే తల వంచింది. చిన్న పనులు కదా, ఒక బిట్టుతోనే అయిపోయేవి. మధ్యలో ఫీజు పీకే అవసరం ఎప్పుడో గాని వచ్చేది కాదు. ఆ కంప్యూటర్ ఒకరోజు పొగ వాసన కొట్టి ఆగిపోయింది. మిషన్‌కు ఏ జబ్బూ లేదు. కానీ దాని లావుపాటి కేబులు పట్టే రంధ్రం ఇప్పటి కంప్యూటర్లలో రావడం లేదట. ఉన్న మిషన్‌ను ఇనుప సామాన్లకు వేయడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. అందుకని ప్రొద్దుటూరు నుంచి కంప్యూటర్లు బాగుచేసే మనిషి వచ్చాడు. అరచేతంత పచ్చ కార్డు ఒకటి తెచ్చి, ఒక పక్క పాత కేబులు, ఇంకో పక్క ల్యాప్‌టాప్ సన్నని వైరు తగిలించాడు. దూలం కదిలింది. కోడలు చప్పట్లు కొట్టింది. నేను మాత్రం ఆ వైరు వంకే చూస్తున్నాను. అంత బరువైన ఇనుము అంత సన్నని వైరు మాట వింటోందంటే, ఇంకెవరి మాటైనా వింటుందేమో అనిపించింది.

తగువు వచ్చింది ఆ మరుసటి రోజు మధ్యాహ్నం. పులివెందులలో ఒక అరటి తోటల ఆసామి కొత్త ఇంటి ముఖద్వారానికి రెండు పక్కలా అరటి గెలలు చెక్కించమన్నాడు. గెల సగమయ్యాక లావు బిట్టు తీసి సన్న బిట్టు వేయాలి. అప్పుడే నేను ఫీజు మీద చెయ్యి వేశాను, కోడలు అడ్డం పడింది. చివరికి నేనే తగ్గాను. మంచి టేకు చెక్క సగంలో పాడవుతుందంటే నా మనసు కూడా వెనకాడింది. నిజం ఒప్పుకోవాలి కదా. చెక్క మీద ఆశ నా నోరు మూయించింది.

“నీ ఇష్టం,” అని వచ్చి పీట మీద కూర్చున్నాను.

కోడలు స్టాప్ నొక్కింది. దూలం నిలబడింది, మోటారు నిలబడింది. నా వంక చూసి, “సూడు, నిలబడింది గదా?” అంది. తను పానా తీసుకుని మోటారు కిందికి వంగింది.

నేను కూర్చున్న చోటికి ల్యాప్‌టాప్ తెర కనిపిస్తుంది. దాని మూలన చిన్న నీలం డబ్బా ఒకటి వచ్చింది. అందులో ఏదో ఇంగ్లీషు. నేను చదివింది మూడో తరగతి, అదీ తెలుగే. చెబుదామా అనుకున్నాను. చెబితే మళ్లీ ‘నీకేం తెలుసు’ అంటుంది. నోరు మూసుకున్నాను. చూస్తుండగానే తెర నల్లగా అయింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

కోపం ఎక్కడో ఒకచోట బయటికి రావాలి కదా. పైన ట్యూబులైటు పట్టపగలు వెలుగుతోంది.

“మిట్టమధ్యాన్నం లైటెందుకు మే? ఎవురబ్బ సొమ్మని కాలుస్తాండావు?” అన్నాను.

“అబ్బబ్బ! ఆర్పుతాలే అత్తా, ఆర్పుతా!”

పానాను నట్టుకే వదిలేసి, విసురుగా లేచి స్విచ్చి వైపు రెండడుగులు వేసింది.

మోటారుకు కరెంటు పంపే పాత పెట్టెలో టక్కుమంది. మోటారు గుర్రుమని లేచింది. పానా నట్టు మీద నుంచి ఎగిరి, కోడలు వంగి ఉన్న చోటు మీదుగా పోయి, ఎదురుగా రేకును కొట్టింది. షెడ్డంతా మోగింది. తను ఒక్క గంతులో ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చి వేలు చాచింది. వేలు గాలిలోనే ఆగిపోయింది. తెర ఇంకా నల్లగానే ఉంది. నడిమధ్య చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. నొక్కడానికి అక్కడ స్టాపు లేదు.

నేను ఫీజు పీకాను. ఆలోచించి చేసిన పని కాదు, చేతికి తెలిసిన పని. మోటారు ఏడుస్తున్నట్టు సన్నగా మూలిగి ఆగింది.

కోడలు నేల మీద కూర్చుండిపోయింది. నేను తన రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూశాను. పొద్దున మనవరాలికి జడ వేసి బడికి పంపిన చేతులు. అన్ని వేళ్లూ ఉన్నాయి.

“నువ్వు లైటు ఆర్పమనకపోయింటే...” అని తను మాట మింగేసింది.

“నేను కరెంటు బిల్లుకు బయపడి అన్న్యా మే. నీకోసరం అన్ల్యా,” అన్నాను. తర్వాత నీలం డబ్బా సంగతి కూడా చెప్పాను. తను నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఆ సాయంత్రం ఇద్దరం షెడ్డులోకి పోలేదు. తలుపుకు తాళం వేసి, అయినా నమ్మకం లేక, ఫీజును కొంగులో ముడేసుకునే వంట చేశాను. బియ్యం కడుగుతుంటే కొళాయి గుర్రుమన్నా ఉలిక్కిపడ్డాను. రాత్రి కొడుకు వచ్చి, షెడ్డు తాళం తీసి, రేకు మీద సొట్ట చూశాడు. పానా ఎగిరిన ఎత్తు కోడలి చెవి దగ్గరికి వస్తుందని చేత్తో కొలిచి, ఆ చెయ్యి అలాగే ఉంచుకుని నిలబడ్డాడు.

మరునాడు పొద్దున్నే బస్సులో ప్రొద్దుటూరు మనిషి వచ్చాడు. జరిగింది విని అతని ముఖం పాలిపోయింది.

“అవ్వా, ఈ ల్యాప్‌టాప్ కొత్త ప్రోగ్రాములేవో ఎక్కిచ్చుకోని దానికదే ఆరిపోయి మళ్లీ లేసింది. అది లేసేటప్పుడు నా కార్డు గలీజు పని సేసింది. మోటారుకు తిరగమని కబురు పంపింది. ఇట్లయితాదని నేను అనుకోల్యా.”

“నువ్వు అనుకోకపోతే పోయేది నా కోడలి సెయ్యప్పా.”

అతను తల దించుకుని పనిలో పడ్డాడు. దూలాన్ని జరిపే కరెంటు ఒక దారి, బిట్టు తిప్పే మోటారు కరెంటు ఇంకో దారి చేశాడు. మోటారుకు విడిగా నా పీట పక్కనే ఒక ఫీజు పెట్టాడు. అది పీకితే మోటారుకు ప్రాణం ఉండదు, దూలం మాత్రం తన చోటు మరిచిపోదు. ల్యాప్‌టాప్ దానికదే ఆరి లేవకుండా కూడా ఏదో చేశానన్నాడు. నిన్న అది చోటు మరిచిపోయింది కనుక, తలుపు మూలన కోడలు మొదట పెట్టిన పెన్సిల్ గుర్తు ఆధారంగా బిట్టును మళ్లీ అక్కడికి తెచ్చి నిలిపాడు. చెక్క పాడవలేదు.

అతను వెళ్లాక కోడలు కొత్త ఫీజు తనే పీకింది. నా దగ్గరికి వచ్చి అరచేతిలో పెట్టింది. నేను కొంగున ముడేసుకున్నాను. తను నట్టు వదులు చేసి, లావు బిట్టు తీసి, సన్న బిట్టు బిగించింది. పానాను గోడ మేకుకు తగిలించింది. వచ్చి నా ఎదుట నిలబడి రెండు చేతులూ చాచింది.

పది వేళ్లూ చూసి ఫీజు ఇచ్చాను.