కంపైలర్‌ను కూలదోసిన తిట్టు

శ్రీముఖలింగేశ్వరుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. వద్దులెండి, అడక్కండి, ఆవిడకి ఇంకా ఎక్కువ నిజం తెలుసు. ఒకే ఒక్క తిట్టుతో నా పరువునీ, ఇంకా చేతికి రాని ఉద్యోగాన్నీ దేశదేశాల ముందు ఎలా ఆరేసుకున్నానో చెబుతాను, వినండి.

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే మా చేతుల్లోకి వస్తున్న రోజులు. నేను శ్రీకాకుళం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో తాత్కాలిక లెక్చరర్ని. ఆరేళ్ళుగా తాత్కాలికమే. మా ఇంట్లో చీపురుకట్టకి కూడా నాకంటే స్థిరమైన చోటుండేది. ఎట్టకేలకు పర్మనెంటు చేస్తామని ఇంటర్వ్యూ పెట్టారు. నా తలరాత రాసేది ఇద్దరు: ఒకరు ప్రిన్సిపాల్ గారు, ఇంకొకరు మా హెచ్‌ఓడీ అప్పలనాయుడు మేస్టారు.

ఈ మేస్టారు వరసగా మూడు ఆదివారాలు నన్ను కాలేజీకి రప్పించి, పరీక్షలో ఎవరు ఏ బెంచీ మీద కూర్చోవాలో తేల్చే ప్రోగ్రాం రాయించారు. మొదటి వారం నిలువు వరసలన్నారు. రెండో వారం అడ్డం అన్నారు. మూడో వారం మళ్ళీ నిలువే బాగుందన్నారు. నాకు కడుపు మండింది. ప్రోగ్రాంలో ప్రతి లెక్కకీ ఏదో ఒక పేరు పెట్టాలి కదా, ఒకదానికి ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా పేరు పెట్టాను: "అప్పలనాయుడు_మేస్టారి_బుర్ర_ఎండిన_ఆనపబుర్ర_ఊపితే_గలగల_లోపల_గుజ్జు_నేదు".

మనం రాసిన ప్రోగ్రాంని యంత్రం భాషలోకి మార్చిపెట్టేది కంపైలర్. మనం తప్పు రాస్తే అది మనల్ని తిడుతుంది. ఆ రోజు తిట్టలేదు. నా ఆనపబుర్ర దగ్గరికొచ్చి, ఎండదెబ్బ తగిలిన పెళ్ళికొడుకులా కుప్పకూలింది. కూలుతూ ఒక మాట తెరమీద పెట్టింది: "తప్పు మీది కాదు, నాది. దయచేసి మావాళ్ళకి ఫిర్యాదు చేయండి."

తప్పు తనదని ఒప్పుకున్న శాల్తీని మా జిల్లాలో నేను చూడటం అదే మొదలు! ఆ కంపైలర్ని ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఉచితంగా తయారుచేస్తారు. దాని తప్పులన్నీ నమోదయ్యే పేజీ ఒకటుంది. ఎవరైనా చదవొచ్చు, రాసింది చెరపడానికి మాత్రం వీల్లేదు. ఆనందంలో ఒళ్ళు మరిచి, నా ప్రోగ్రాం మొత్తాన్ని ఉన్నదున్నట్టు అక్కడ పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే మేస్టారి గదికి పరిగెత్తాను.

"మేస్టారూ, ప్రపంచమంతా వాడే కంపైలర్లో తప్పు పట్టాను!"

"నువ్వా? సొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నావు, ముందది పట్టుకో."

"నిజమండీ! పేజీలో నా పేరు కూడా ఉంది."

"అయితే ఇంటర్వ్యూ రోజున ఆ పేజీ ప్రిన్సిపాల్ గారికి సూపిద్దుం. మన డిపార్ట్‌మెంట్ పరువు కాదేటి!"

మధ్యాహ్నం అన్నం తింటూ అదే పేజీ మా ఆవిడ వరాలుకి చూపించాను. భోగాపురం వైపు సముద్రపొడ్డు పిల్ల, చేపల వేలం మధ్య పెరిగిన గొంతు. తీరిగ్గా చదివింది.

"ఏటండీ ఇది? ఆనపబుర్రేటి, గుజ్జేటి? ఇది మీ మేస్టారి పేరు కాదేటి?"

ముద్ద కంచంలో వదిలేసి, ఆ పేజీ నేనూ మళ్ళీ చదివాను.

"సేపల రేవులో మా అమ్మ తిట్టిన తిట్టు గాలికి పోతాది. మీరు రాతలో పెట్టి దేశాలికి పంపీసినారు. బుర్రుందేటండీ మీకు?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసు తొక్కి, ఆ పాదముద్రకి ఫ్రేము కట్టించి నాలుగు రోడ్ల కూడలిలో వేలాడదీశాను. వెంటనే పేజీలో రాశాను: "ఇది తప్పు కాదు. నా కంప్యూటరు పాతది. ఫిర్యాదు కొట్టేయండి."

ఆ కంపైలర్ బాగోగులు చూసేవాళ్ళలో ఇంగ్రిడ్ అని ఏదో మంచుదేశం ఆవిడ జవాబిచ్చింది: "లేదండీ, మీరన్నది నిజమే. నా దగ్గరా కూలింది."

"మీదీ పాతదేమో!"

"మొన్ననే కొన్నాను."

ఆ వెనకే బ్రెజిల్ నుంచి ఒకాయన, జపాన్ నుంచి ఇంకొకాయన, "మా దగ్గరా కూలింది" అంటూ దిగారు. లోకంలో ఎవడైనా తన ఫిర్యాదు పట్టించుకోరేమని ఏడుస్తాడు. పట్టించుకోకండి మొర్రో అని ఏడ్చింది నేనొక్కణ్ణే. మూడోనాటికి ఇంగ్రిడ్ జబ్బు కనిపెట్టింది. పేరు అరవై నాలుగు అక్షరాలు దాటితే కంపైలర్ తన గడి దాటి పక్క గడిలో కాలు పెడుతోంది. మామూలు మనుషులెవరూ అంత పొడుగు పేరు పెట్టరు కనుక ఇన్నాళ్ళూ బయటపడలేదు. పాపం, మా సిక్కోలు తిట్టు పొడుగు వాళ్ళకేం తెలుసు!

"ఆ పేరు తీసేసి వేరేదేదైనా పెట్టండి" అని బతిమాలాను.

"ఎందుకు? దాని అర్థమేమిటి?"

అక్కడ నిజం చెప్పినా బతికిపోయేవాణ్ణి. "మా వైపు గురువుల్ని స్తుతించే మాట" అని రాశాను.

"ఎంత బాగుంది! అయితే తీయం. కంపైలర్ని మార్చిన ప్రతిసారీ పాత జబ్బు తిరగబెట్టిందేమో చూసే పరీక్షలుంటాయి. వాటిలో మీ ప్రోగ్రాం శాశ్వతంగా చేర్చాం. మీ గురువుగారి మీద గౌరవంతో ఒక్క అక్షరం కూడా మార్చలేదు."

కోటబొమ్మాళిలో దిగాల్సినవాడు నిద్రపోయి పలాసలో తేలితే వెనక్కి రావడానికి బండైనా ఉంటుంది. నాకు అదీ లేదు. నేను తాత్కాలికం, నా తిట్టు పర్మనెంటు!

ఇంటర్వ్యూ రోజున వెళ్ళేసరికి మేస్టారి బల్ల మీద ఆ పేజీ తెరిచే ఉంది. ఆయన నన్ను చూసి, లేచి, తలుపు గడియ పెట్టారు.

"ఇది నువ్వే రాసినావా?"

"మేస్టారూ... ఏదో కోపంలో..."

"ఆనపబుర్ర! గుజ్జు నేదు!" ఆయన భుజాలు అదిరిపోతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. "ఒరే, పదకొండేళ్ళ నుంచీ నా కడుపులో ఉన్న మాటరా ఇది! ప్రిన్సిపాల్ గారిని ఎంత సక్కగా పట్టీసినావు!"

భయంలో నేను మరిచిపోయిన సంగతి, మీకూ చెప్పని సంగతి ఒకటుంది. మా ప్రిన్సిపాల్ గారి పేరూ అప్పలనాయుడే, ఆయన్నీ అందరూ మేస్టారనే అంటారు. సింహాచలం అప్పన్న దయవల్ల మా కాలేజీలో రాయి విసిరితే ఎవరో ఒక అప్పలనాయుడికి తగులుతుంది. తగిలినవాడు అది పక్క అప్పలనాయుడికి వేసిందే అనుకుంటాడు.

నవ్వుతున్న మేస్టారు ఉన్నట్టుండి తెల్లబోయారు. "ఒరే, నిన్ననే ఆ పేజీ ఆయనకి పంపీసినాను, సదవకుండా! నీ ఉజ్జోగం పోయినట్టే!"

లోపల ప్రిన్సిపాల్ గారు గంభీరంగా కూర్చున్నారు. ఏదో ఫైలు తెమ్మని మేస్టారిని బయటికి పంపి, నా వైపు వంగారు.

"పెద్దమనిషిని ఆనపబుర్ర అనొచ్చా?"

"తప్పయిపోయిందండీ."

"తప్పేటి! మొహమాటానికి నాను అనలేక సచ్చిపోతన్నాను. మీ హెచ్‌ఓడీకి మాత్రం తెలీనీకు, బాధపడతాడు."

ఆయన సంతకం పెట్టారు. ఫైలుతో వచ్చి మేస్టారూ పెట్టారు. ఇద్దరూ ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూలబడి వరాలుకి ఫోన్ చేశాను.

"ఉన్నాదా, ఊడినాదా?"

"ఉంది! పర్మనెంటు!"

"పైడితల్లి సల్లగా సూసింది. ఇంక నోరూ, సెయ్యీ రెండూ మూసుకుని ఇంటికి రండి."

వంశధార వరద గట్టు అంచుదాకా వచ్చి వెనక్కి తగ్గినట్టు, నా గుండెలో నీరు మెల్లగా దిగింది. ఆ మెట్ల మీదే శపథం పట్టాను: ఇక ఈ జన్మలో ఏ ప్రోగ్రాంలోనూ ప్రాణమున్న మనిషి పేరు పెట్టను. ఎక్స్, వై, మరీ అవసరమైతే జెడ్.

ఒట్టు వేశాను కనుక ఒక్క కల్పన ఒప్పుకోవాలి. వాళ్ళ పేరు అప్పలనాయుడు కాదు. ఇద్దరిదీ ఒకే పేరన్నది నిజం, ఆ పేరు మాత్రం వేరు. ఇద్దరూ రిటైరై శ్రీకాకుళంలోనే ఉన్నారు, ఇద్దరూ పొద్దున్నే అన్నీ చదువుతారు. మేస్టారూ, ఇది చదువుతున్నది మీరేనా? నమస్కారం. మీరేం అనుకోకండి, అది ఆ రెండో ఆయన గురించే.