నాలుగు మూలలకూ పసుపు

అమ్మకి అమెరికా పౌరసత్వం వచ్చిన ఏడాదే మా రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు వచ్చాయి. ఎనభైల మొదట్లో మాట. ఆసుపత్రిలో నర్సు కావడంతో పోలింగ్ రోజు పొద్దుటి నుంచి చీకటిపడే దాకా ఆమెకు డ్యూటీ. అందుకని బ్యాలెట్‌ను పోస్టులో తెప్పించుకుంది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. కాలేజీ, లైబ్రరీ పుస్తకాలు, డైరీ. ఇవి కాక మనుషులతో మాట్లాడడం నాకు పెద్దగా చేతనయ్యేది కాదు.

సూచనలు చదివి వినిపించే పని నాది. గడిలో పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి, కాగితం మీద ఇంకెక్కడా ఏ గుర్తూ ఉండకూడదు అని చదివాను. అమ్మ నన్ను అటు తిరగమని ఓటు వేసుకుంది. తర్వాత వంటింటి అల్మారాలో దేవుడి పటాల ముందున్న పసుపు తడిపి, ఆ కాగితం నాలుగు మూలలకూ అద్దింది.

“అమ్మా, ఏ మార్కూ ఉండకూడదని చదివాను కదా.”

“ఇది మార్కేంటే? పసుపు. కొత్త చీరకి పెట్టమా, శుభలేఖకి పెట్టమా? ఈ దేశంలో నా మొదటి ఓటు. బోడిగా పంపమంటావా?”

ఇంకొక్కసారి చెప్పాల్సింది. చెప్పలేదు. పసుపు ఆరాక అమ్మ మడిచి కవర్లో పెట్టి సంతకం చేస్తే, నేనే తీసుకెళ్ళి పోస్టు చేశాను.

మా నియోజకవర్గంలో ఒక రిటైర్డ్ స్కూల్ టీచర్ నాలుగంటే నాలుగు ఓట్ల తేడాతో గెలిచింది. ఓడిపోయినాయన శాసనసభకే పిటిషన్ పెట్టుకున్నాడు. ఇలాంటివి కోర్టులు చూస్తాయనుకునేదాన్ని. కాదట. తన సభ్యుల ఎన్నిక చెల్లుతుందో లేదో సభే తేల్చుకుంటుందట. ఐదుగురు సభ్యులతో కమిటీ వేశారు. ముగ్గురు ఓడినాయన పార్టీ, ఇద్దరు టీచర్ పార్టీ. సభలో మెజారిటీ కూడా ఆయన పార్టీదే.

వివాదంలో ఉన్న బ్యాలెట్లను అందరి ముందూ పరిశీలిస్తారని పేపర్లో వచ్చింది. అమ్మ ఆ రోజు సెలవు పెట్టింది.

“మన ఏరియావి కూడా ఉన్నాయట. నువ్వు డ్రైవ్ చెయ్యి, వెళ్దాం.”

మంచులో గంటన్నర ప్రయాణం. ఆ గదిలో చీర మీద కోటు వేసుకున్నది అమ్మ ఒక్కతే. ఛైర్మన్ ఒక్కో బ్యాలెట్టూ ఎత్తి చూపిస్తూ పక్కవాళ్ళకి అందిస్తున్నాడు. నాలుగోది ఎత్తగానే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. అంత దూరం నుంచీ పసుపు కనిపిస్తోంది. గుర్తు టీచర్ గడిలో ఉంది.

“మస్టర్డ్ అయ్యుంటుంది. హాట్‌డాగ్ తింటూ ఓటేశారేమో,” అన్నాడు టీచర్ పార్టీ సభ్యుడు, పాపం, దాన్ని కాపాడదామనే. మస్టర్డ్ అంటే హాట్‌డాగ్ మీద వేసుకునే పసుపురంగు ఆవ సాస్. గదంతా నవ్వింది.

“నాలుగు మూలలకీ కొలిచినట్టు పడే మస్టర్డ్ నేనెక్కడా చూడలేదు,” అన్నాడు ఛైర్మన్. “ఇది ఎవరి ఓటో తర్వాత గుర్తుపట్టడానికి కావాలని పెట్టిన గుర్తు.”

“హాట్‌డాగ్ ఏంటే? నవ్వుతున్నారేంటి?” అమ్మ నా చెవిలో అంది. “వెళ్ళి చెప్పు. దొంగపని కాదని చెప్పు.”

“మాదే అంటే, గుర్తుపట్టగలిగామని మనమే ఒప్పుకున్నట్టమ్మా. ఆ ఓటు కొట్టేస్తారు.”

“చెప్పకపోతే?”

“అప్పుడూ కొట్టేస్తారు.”

“అన్నన్ని పుస్తకాలు చదువుతావు. ఒక్క మాట దొరకదా నీకు?”

దొరికింది. విరామం ఇచ్చేసరికి వాక్యం సిద్ధం చేసుకున్నాను. ఇది ఎవరిదో నాకు అనవసరం, కానీ మా ఇళ్ళలో శుభమైన ప్రతి కాగితానికీ ఇలా పసుపు పెడతారు. అంతే. ఎవరి గుట్టూ బయటపడదు. లేచి కమిటీ క్లర్కు బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తలెత్తి, “యెస్, హనీ?” అంది.

రెస్ట్‌రూమ్ ఎక్కడని అడిగాను.

ఆవిడ చూపించింది. వెళ్ళి చేతులు కడుక్కుని తిరిగి వచ్చాను. నేను చెప్పేశాననుకుని అమ్మ నిటారుగా కూర్చుని ఉంది.

ముగ్గురికి ఇద్దరు. ప్రతిసారీ అదే లెక్క. ఏడు బ్యాలెట్లు పక్కన పెట్టారు. అందులో ఆరు టీచర్‌వి. దాంతో ఓడినాయన ఒక్క ఓటుతో గెలిచినవాడయ్యాడు. అమ్మది ఒక్కటి ఉంచినా ఇద్దరూ సమానమయ్యేవాళ్ళు. ఆ సంగతి డైరీలో రాసుకున్నాను కానీ అమ్మతో అనలేదు.

రెండు వారాలకు కమిటీ నివేదిక మీద సభంతా ఓటేసింది. ఏ పార్టీలో ఎంతమంది ఉన్నారో సరిగ్గా అన్నే ఓట్లు. కమిటీ తప్ప మిగతావాళ్ళు ఆ కాగితాలు చూడను కూడా లేదు. పేపర్ చదివి వినిపించమంది అమ్మ.

“అయితే ఆ టీచరమ్మని పంపించేశారా?”

“పంపించేశారు.”

“నువ్వు చెప్పినా వినలేదన్నమాట.”

నేను పేపర్ మడతపెట్టాను.

“ఓట్లడగడానికి మనింటికి వచ్చింది తెలుసా?” అంది అమ్మ. “నా పేరు రెండుసార్లు అడిగి, సరిగ్గా పలకడం నేర్చుకుని మరీ వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆసుపత్రిలో మా వార్డులో ఒక్కరూ ఆ పని చెయ్యలేదు.”

నాకు తెలియదు. బెల్ మోగితే నేను మేడ మీద గది తలుపు వేసుకునేదాన్ని.