పాతరలో విన్న గొంతు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మంచి గొంతుకు ఒకటే కొలత ఉండేది. చావడి దగ్గర పద్యం ఎత్తుకుంటే వంక అవతలి చేలో ఉన్నవాడు తలెత్తి చూడాలి. చూస్తే అది గొంతు, చూడకపోతే గొణుగుడు. వేంపల్లె చుట్టుపక్కల మా పల్లెలకు ఇంకా మైకులు రాని రోజులవి. అందుకని ఆ కొలతను ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ఆ లెక్కన నాది గొప్ప గొంతు. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. మా ఊరికి మొదట నాటకాలు నేర్పిన వాద్యారు తెల్లవారకముందే నన్ను బావిలో గొంతు దాకా నీళ్ళలో నిలబెట్టి, అందినంత పై స్థాయిలో పాడించేవారు. మిరియాలు నమిలించేవారు. గొంతు మండుతోందని చెబితే, "కాగుతాండాది, కాగనీ. ఇనుము కాగకుండా కొడవలి అయితాదా?" అనేవారు. మెడ మీద నరాలు ఉబ్బితే ఆయనకు సంతోషం. వేరే ఊరివాళ్ళు పిలిస్తే ఆయన వెళ్ళిపోయారు కానీ, ఆ పద్ధతి నాలో ఉండిపోయింది.

ఆ యేడు వానలు రాలేదు. ముందు యేడూ రాలేదు. వాన కోసం నాటకం ఆడించడం మా వైపు ఆనవాయితీ. మా నాన్నగారి తండ్రిని మేము జేజినాయన అని పిలిచేవాళ్ళం. ఆయనే రాయచోటికి పోయి కొత్త అయ్యవారిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఎద్దుల బండిలోంచి ముందు హార్మోనియం దిగింది, వెనక అయ్యవారు దిగారు. ఆయన గొంతు విందామని ఊరంతా మూగింది. ఆయన నోరు తెరిచి, "రోంత నీళ్ళు ఇయ్యండప్పా" అన్నారు. ఎండిన కందికట్టెను రాతి నేల మీద ఈడ్చినట్టుంది ఆ మాట.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో, "పాట నేర్పేదానికి పిల్చుకొస్తివా మామా, పిట్టల్ని తోలేదానికా?" అన్నారు. అందరూ నవ్వారు. అయ్యవారూ నవ్వారు. మా జేజినాయన మాత్రం నవ్వలేదు. తెచ్చినవాడు తానే కదా.

అయ్యవారి పద్ధతి మాకు మింగుడు పడలేదు. మొదట్లో అసలు పాడనివ్వలేదు. నోరు మూసుకొని ఒక్క స్వరం మీద నిలబడమనేవారు. ఆముదం దీపం ముందు కూర్చోబెట్టి, ఊపిరి వదిలినా మంట చలించకూడదనేవారు. ఆయన హార్మోనియం మెట్టు నొక్కితే వెంటనే అందుకోకూడదు. ముందు వినాలి, లోపల పట్టుకోవాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. పైగా పాత వాద్యారు పెట్టిన శ్రుతిని బాగా కిందికి దించేశారు. నాకది తలకొట్టేసినట్టయింది. నాటకంలో బాలభక్తుడి వేషం నాది. వానను పిలిచే పద్యం ఆ వేషానిదే. అది సరిగా పలికితే మబ్బు కదులుతుందని ఊరి నమ్మకం. ఊరికంటే నేను ఎక్కువ నమ్మాను. మెల్లగా పాడితే మబ్బుకేం వినపడుతుంది?

అందుకే అయ్యవారికి తెలియకుండా రోజూ పొద్దున్నే గుట్ట ఎక్కి పాత పద్ధతిలో అరిచేవాణ్ణి. బావిలో నిలబడదామంటే నీళ్ళు మోకాళ్ళకు దిగిపోయాయి. గొంతు మండితే కాగుతోందని మురిసిపోయేవాణ్ణి. పగటిపూట నాకు ఇంకో విద్య ఉండేది. అయ్యవారి గొంతు పట్టి తోటిపిల్లల ముందు మాట్లాడేవాణ్ణి. "రోంత నీళ్ళు ఇయ్యండప్పా" అంటే చాలు, పొట్టలు పట్టుకొని నవ్వేవారు. పాటకు వచ్చే మెప్పు కోసం కష్టపడాలి. ఈ నవ్వు ఊరికే వచ్చేది. నా అంతటివాడు లేడనుకున్నాను.

మా ఇంటి ముందు జొన్నల పాతర ఉండేది. నేలలో తవ్వి, చుట్టూ రాతితో కట్టిన గొయ్యి అది. మూతి ఒక మనిషి దిగేంత, లోపల నలుగురు పడుకునేంత. మంచి యేడు దాన్ని నిండా జొన్నలతో నింపి, బండ మూసి, మట్టి మెత్తేవారు. ఆ యేడు అది ఉత్త గొయ్యి. ఒక మధ్యాహ్నం అయ్యవారు మా జేజినాయనతో చెప్పి బండ తీయించారు. చాలాసేపు గాలి ఆడనిచ్చి, దీపాన్ని తాడుతో లోపలికి దింపారు. లోపల చెడుగాలి ఉంటే దీపం ఆరిపోతుంది. అది ఆరలేదు. అప్పుడు ఆయన నా వైపు తిరిగారు.

"దిగబ్బీ. దిగి నీ పద్యం పాడు."

"ఎందుకయ్యవారూ?"

"నీ పాట ఊరంతా విన్నారు. నువ్వొక్కడివే వినలా."

నాకు అర్థం కాలేదు. తాడు పట్టుకొని దిగాను. అడుగున పాత జొన్నల దుమ్ము, చల్లదనం. ఎప్పటిలాగే ఛాతీ విరుచుకొని పద్యం ఎత్తుకున్నాను. నాలుగు వైపుల గోడలూ నా మీద పడ్డట్టయింది. ఒక మాట పూర్తి కాకముందే ముందటి మాట తిరిగొచ్చి దాన్ని తొక్కేసింది. భక్తి లేదు, వేడుకోలు లేదు, ఎవరో ఎవరినో కొట్టబోతున్నట్టు కేకలు. ఇది నా గొంతు కాదనుకున్నాను. మళ్ళీ పాడాను. అదే కేక.

పైన పాతర మూతి చుట్టూ నా దోస్తుల తలకాయలు కనిపిస్తున్నాయి. వాళ్ళ ముందు చిన్నబోవడం నాకు ఇష్టం లేదు. అయ్యవారు లోపలికి మజ్జిగకు పోయి ఉంటారనుకున్నాను. వెంటనే ఆయన గొంతులోకి దిగిపోయి, "ముందు వినల్ల అబ్బీ, వినినంక పాడల్ల. దీపం ఆరకూడదు, నవ్వు రాకూడదు" అంటూ మొదలుపెట్టాను. పాతర ఆ గరగరను ఎంత బాగా పలికిందంటే నాకే ఒళ్ళు పులకరించింది. పైన పగలబడి నవ్వారు. నేను రెచ్చిపోయాను. అదే గొంతుతో పద్యం కూడా పాడాను. పాడుతూ ఉండగా పైన నవ్వు ఆగిపోయింది. తలకాయలు ఒక్కొక్కటే పక్కకు తప్పుకున్నాయి. వాటి స్థానంలో అయ్యవారి తల కనిపించింది.

చప్పున మాట మార్చి, నా గొంతుతో పద్యం అందుకోబోయాను. వచ్చింది ఆయన గొంతే.

గొంతు సవరించుకొని మళ్ళీ ప్రయత్నించాను. అదే కందికట్టె ఈడ్పు. నా గొంతు ఉన్నచోట నాకేమీ తగలడం లేదు. చీకట్లో మెట్టు ఉందనుకొని కాలు పెడితే లేనట్టు. అయ్యవారికి మొదట తెలియలేదు. "చాలప్పా, నా గొంతు నాకియ్యి" అన్నారు, కోపం లేకుండానే. నేను తల పైకెత్తి జవాబు చెప్పబోయాను. ఆ గరగర కూడా సగంలో తెగి, ఉత్త గాలి వచ్చింది.

ఆయన ముఖం మారిపోవడం కిందనుంచి నాకు స్పష్టంగా కనిపించింది. దొరికిపోయినందుకు తన్నులు తింటాననుకున్నాను కానీ, ఒక పెద్ద మనిషి అంత భయపడతారని అనుకోలేదు. నా భయం కంటే ఆయన భయమే నన్ను కొయ్యబార్చింది. ఆ వయసులో తాడు పట్టుకొని, మోకాళ్ళు రాతికి గీరుకుంటూ ఆయనే పాతరలోకి దిగారు. రెండు వేళ్ళు నా గొంతు మీద పెట్టారు.

"మాట్లాడొద్దు. గుసగుస కూడా వద్దు. తల మాత్రం ఊపు. యాడైనా అరుస్తాంటివా?"

ఊపాను.

"గుట్ట మీదనా? రోజూనా?"

ఊపాను. ఆయన ఆ దుమ్ములోనే కూలబడ్డారు.

"నాకూ నీ గొంతే ఉండె" అన్నారు. ఒక ఊళ్ళో నాటకం ఆడుతుంటే అప్పటికే గొంతు మండుతోందట. జనం వన్స్ మోర్ అన్నారు. పాడారు. మళ్ళీ అన్నారు. మళ్ళీ పాడారు. "మూడోసారి నోరు తెరిస్తే ఇది వచ్చె. ఇంగ పోలా. ఊరూరా తిరిగి నేర్పేది ఎందుకనుకుంటివి? ఇది ఇంకొకనికి రాకూడదని. నువ్వేమో అడక్కుండానే నేర్చుకుంటివి."

నేను ఆయనను వెక్కిరించిన సంగతి అందులో లేదు. ఆ తర్వాత కూడా ఆయన నోట ఎప్పుడూ రాలేదు. మా జేజినాయనతో, "వానికి గొంతు నొచ్చింది, పాతరలో దుమ్ము సరిపడలా" అని మాత్రం చెప్పారు.

నా వేషం పక్కింటి అబ్బికి పోయింది. సన్నటి గొంతని నేనే వాణ్ణి ఏడిపించేవాణ్ణి. నాకు మౌనం పెట్టారు. గోరువెచ్చని నీళ్ళు, ఆవిరి, దీపం ముందు ఊపిరి. నా గొంతు వస్తుందో రాదో అయ్యవారికే తెలియదని ఆయన కళ్ళు చూస్తే తెలిసేది. మాట్లాడలేనివాడికి వినడం తప్ప వేరే పని ఉండదు. పక్కింటి అబ్బి ఊపిరిని దాచుకొని, చివరి మాట దాకా ఖర్చు పెట్టడం అప్పుడే మొదటిసారి విన్నాను. నాటకం రోజున వాడు పద్యం ఎత్తుకోగానే వెనకవాళ్ళు వినపడలేదని గొణిగారు. గొణిగి, వినడం కోసం వాళ్ళే నోరు మూసుకున్నారు. అంతమంది అంత నిశ్శబ్దంగా కూర్చోవడం మా ఊళ్ళో నేను చూడలేదు. ముందు వరసలో కూర్చొని, వాడికి శ్రుతి తప్పితే బాగుండునని కోరుకున్నాను. తప్పలేదు. వాన కూడా పడలేదు.

మరునాడు పొద్దున అయ్యవారు ప్రయాణమయ్యారు. హార్మోనియం బండెక్కింది. ఎక్కబోతూ ఆగి, పాతర బండ తీయించి, దీపం దించి చూసి, నన్ను దిగమన్నారు. "ఏదన్నా ఒక మాట పలుకు. మెల్లగా. పద్యమొద్దు."

కింద నిలబడ్డాను. ఏ గొంతు వస్తుందో తెలియదు. అదే గరగర వస్తే ఇక జన్మంతా అదే. ఊపిరి తీసుకొని, ఆయన నేర్పినట్టు ముందు లోపల విన్నాను. ఏం పలకాలో ముందుగా అనుకోలేదు. "తప్పయిపోయింది అయ్యవారూ" అని వచ్చింది. చిన్నగా, నాదిగా వచ్చింది. గోడలు ఆ మాటను తొక్కకుండా, నలపకుండా నాకు తిరిగి ఇచ్చాయి.

పైనుంచి కందికట్టె ఈడ్చిన గొంతు వినపడింది.

"శ్రుతిలోనే ఉండాదిలే. పైకి రా."

ఆ తర్వాత ఆయనను మళ్ళీ చూడలేదు. గొంతు బాగుపడినంత త్వరగా నేను బాగుపడ్డానని చెప్పలేను. పెద్దయ్యాక బడిపంతుల్నై, ఒకనాడు తరగతిలో నత్తి ఉన్న పిల్లవాడిని వెక్కిరిస్తూ వాడిలాగే పలికి అందరినీ నవ్వించాను. నవ్వు మధ్యలో నా చేయి దానంతట అదే నా గొంతు మీదికి పోయింది. తరగతి ముందే వాడికి తప్పయిపోయిందని చెప్పాను. ఆ మాట శ్రుతిలో ఉందో లేదో చెప్పడానికి పైన ఎవరూ లేరు. ఇప్పటికీ ఎవరినైనా వెక్కిరించబోతే నా చేయి గొంతు మీదికి పోతుంది. అప్పుడప్పుడు, ఈ వయసులో కూడా, కాస్త ఆలస్యంగా పోతుంది.