నీళ్లకు తొవ్వ లేని గోడ

నేను మేస్త్రీని. మలక్‌పేటల రెండు అర్రల కిరాయి ఇంట్ల ఉంటం. నా సడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి మొగడు, కొన్నేండ్ల కింద కొడగు కొండలకు పోయి, భూమి కౌలుకు పట్టి అల్లం పెట్టిండు. అప్పటి సంది మా అత్తగారింట్ల వాని ముచ్చటే. బార్కస్‌ల జామకాయలమ్మే ఆమెకు గూడ మా అత్త "మా చిన్నల్లుడు తోటకు దొర" అని చెప్పేది. పెద్దల్లుడు గోడలు కడ్తడని ఎవ్వరికి చెప్పలె.

పోయినేడు ఎండకాలం మమ్ముల పిలిచిండు. ఏటవాలు మీద పెంకుటిల్లు, కింద మబ్బులు. నా భార్య వాకిట్ల నిలవడి "గాలి ఎంత సల్లగున్నదో" అన్నది. నాకు కడుపుల మండింది.

ఇంటి వెనక కొండను నిలువుగ తవ్వి, అక్కడ కొత్త రాతిగోడ కట్టిచ్చిండు. మీదున్న చెట్లన్ని కొట్టేసి అల్లం వేసిండు.

"గోడ ఎట్లున్నదన్నా?" అనడిగిండు.

నీళ్లు బయటికి పోనీకి గోడల ఒక్క బొక్క లేదు. మీదికెక్కి చూస్తే మట్టిల చెయ్యి పట్టేంత పగులు. కంచె కర్రలు కిందికి వంగినయ్. వేర్లు లేని మట్టి వాననీళ్లు తాగి బరువైతే ఏమైతదో నాకెరికే. కని పొద్దటి సంది అందరు వాన్నే మెచ్చుకుంటుండ్రు.

"మస్తుగున్నది తమ్మీ," అన్న.

వానకాలంల ఫోనొచ్చింది. వారం దినాలు ఇడవకుంట వాన పడి గోడ పగిలింది. సగం చేను జారి ఇంటి వెనకర్రల పడ్డది. అందరు సంతకు పోయిండ్రు గాబట్టి బతికిండ్రు. మొదట నా లోపల సంబురం లాంటిదొకటి మెదిలింది. వెంటనే యాదికొచ్చింది. వాని బిడ్డ పండుకునేది ఆ అర్రలనే.

గోడ కట్టనీకి నేనే పోయిన. మట్టి ఎత్తుకుంట వాడన్నడు: "నీ అసొంటి మేస్త్రీకే తెల్వలేదంటె, ఇంక తప్పెవ్వనిదన్నా?"

"నాకు తెలుసు. పగులు చూసిన. నీ మీద కుళ్లుతోని చెప్పలె."

వాడు తట్ట కింద పెట్టి ఇంట్లకు పోయిండు. తెల్లారి వచ్చి, "నీళ్లు ఎటు పోవాల్నో చూపెట్టు," అన్నడు. గంతే. కొండ మీద నీళ్లు పక్కకు మళ్లేటట్టు ఇద్దరం కాలువ తవ్వినం. గోడకు బొక్కలు పెట్టి ఎనుక కంకర నింపిన. మీది దిక్కు అల్లం బంద్ చేసి వాడు చెట్లు పెట్టిండు.

ఇప్పుడు ఫోన్ చేస్తే నా భార్యతోనే మాట్లాడ్తడు. మొన్న ఆ చెట్ల మొక్కల ఫొటో పంపితే ఆమె నాకు చూపెట్టింది. ఎంత సక్కగ ఎదిగినయో. ఓర్వలేక ఫోన్ ఆమె చేతిల పెట్టి బయటికొచ్చిన.